ఉప్పు వేయని కూర

ఆ వేసవిలో మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఒక టైమ్‌టేబుల్ ఉండేది. మా ఆవిడ బస్ డిపోలో షెడ్యూళ్లు వేసే ఉద్యోగం చేస్తుంది. ఏ బస్సు ఎన్నింటికి కదలాలి, ఏ డ్రైవరు ఏ రూటుకి పోవాలి అని గళ్లు గీసి రాయడమే ఆవిడ పని. ఒక ఆదివారం ఆ గళ్లలోకి మమ్మల్ని కూడా ఎక్కించేసింది.

మొదటి వారం పొద్దుటి తిండి ఇంట్లోనే. రెండో వారం నుంచి కూల్‌డ్రింకు సీసాలు ఇంట్లోకి రావు. మూడో వారం నుంచి వారానికి మూడు సాయంత్రాలు వంట. ఐదో వారం నుంచి రోజూ. అన్నిటికంటే కింద ఎర్ర ఇంకుతో రెండు గీతలు కొట్టి, "అమ్మ గిన్నె ముందే తీసి పెట్టాలి. అందులో ఉప్పు వేయకూడదు" అని రాసింది.

"అన్నీ ఒక్కసారే మానేయమంటే నాలుగో రోజుకి అందరూ గోడ దూకేస్తారు. అందుకే మెల్లగా," అంది.

అమ్మంటే ఆవిడ అమ్మ, మా అత్తయ్య. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పయ్యేళ్లు ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. మామయ్య పోయినప్పటి నుంచీ మాతోనే ఉంటోంది. ఎండలు మొదలైన రోజుల్లో తలనొప్పి వదలడం లేదంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. బీపీ చూసి ఆయన కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. ఇంట్లో ఏం తింటారని అడిగాడు. మా ఆవిడ చెప్పడం మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది. మేం తినేదాంట్లో సగం పార్సిలు, సగం పాకెట్టు. అవన్నీ వరసగా డాక్టరు ముందు చెబుతుంటే మాకే అసహ్యం వేసింది.

ఆయన ఒక మాత్ర రాసి, "మందు కంటే ముందు ఉప్పు తగ్గాలి. ఇంట్లో వండుకోండి. రెండు నెలలయ్యాక చూద్దాం," అన్నాడు.

"నా ఒక్కదాని కోసం మీరంతా ఎందుకమ్మా ఇబ్బంది పడటం?" అంది అత్తయ్య ఆటోలో.

"నీ కోసం కాదులే. మమ్మల్ని చూడు ఎలా ఉన్నామో," అని మా ఆవిడ నా పొట్ట వైపు చూసింది.

సాయంత్రం వంట నా వాటాకి వచ్చింది. కాదనడానికి నోరు లేదు. నేను లిఫ్టు మెకానిక్కుని. పొద్దున ఆరింటికి ఎక్కితే రెండింటికి డ్యూటీ దిగుతాను. మా ఆవిడ ఇల్లు చేరేసరికి ఏడు. మా అమ్మాయికి పద్నాలుగేళ్లు, సెలవుల్లో బాస్కెట్‌బాల్ ప్రాక్టీసు చూసుకుని ఆరున్నరకి వస్తుంది. అత్తయ్యకి ఐదు నుంచి ఆరు దాకా పార్కులో నడక. అదీ టైమ్‌టేబుల్లోనే ఉంది.

మొదట్లో నిజంగానే వండాను. ఆ మాట ముందే చెప్పుకోవాలి, తర్వాత చెప్పుకోవడానికి మంచి మాటలేం ఉండవు. మూడో వారంలో సోమవారం బంగాళదుంపలు అడుగంటాయి. బుధవారం బీన్స్ ఉడకలేదు. మా అమ్మాయికి ఇంట్లో జడ్జిగారని పేరు. పళ్లెం ముందు కూర్చుంటే తీర్పు చెప్పకుండా లేవదు.

"ముద్దాయి నేరం ఒప్పుకుంటే శిక్ష తగ్గిస్తాం," అంది బీన్స్ నములుతూ.

"తిను నోరు మూసుకుని," అన్నాను.

"నోరు మూసుకుంటే ఎలా తింటారు నాన్నా?"

అత్తయ్య మాత్రం తన పసుపుపచ్చ మూత గిన్నె ముందుకు లాక్కుని, ఉప్పూ పప్పూ లేని ఆ బీన్స్‌ని చివరిదాకా తినేది. "మొదటి రోజులు కదా, అదే వస్తుంది బాబూ," అనేది. నా మీద ఆవిడకి ఎప్పుడూ అంత గురి. కూతురు చెప్పిన దాన్నయినా ఒకసారి ఆలోచిస్తుంది గానీ, నేను ఊ అంటే చాలు.

శుక్రవారం ఒక పాత అపార్టుమెంటులో లిఫ్టు నాలుగో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. లోపల ముగ్గురు. డ్యూటీ దిగాల్సినవాణ్ని అక్కడే ఉండిపోయాను. మా వృత్తిలో ఒక అలవాటుంది. ఇరుక్కున్నవాళ్లు ఫోను చేస్తే, మేం ఎంత దూరంలో ఉన్నా, "రెండు నిమిషాల్లో వచ్చేస్తున్నా" అంటాం. నిజం చెబితే లోపలివాళ్లు కంగారుపడి తలుపులు తన్నుతారు. ఇరవై ఏళ్లుగా రోజూ ఆ మాట అని అని, అది అబద్ధమన్న సంగతే మరిచిపోయాను. ఇది సాకుగా చెప్పడం లేదు. కాదు, సాకుగానే చెబుతున్నాను.

ఆ రోజు బయటపడేసరికి ఐదున్నర. మా వీధి మలుపులో ఒకావిడ నడిపే మెస్సు ఉంది. నాలుగు బల్లలు, పెద్ద పెద్ద గిన్నెలు, లోపల్నించి వేడి వేడి వాసన. కూర, అన్నం, సూపు కట్టించుకున్నాను. ఇంటికొచ్చి మా గిన్నెల్లోకి వంచాను. సంచులూ డబ్బాలూ కింద చెత్తకుండీలో పడేసి వచ్చాను. చెప్పకూడదనేమీ అనుకోలేదు. డబ్బాల్లో బల్ల మీద పెడితే బాగుండదనిపించింది, అంతే.

మా అమ్మాయి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. "నాన్నా, ఇది నువ్వే చేశావా?"

మా ఆవిడ స్పూనుతో సూపు రుచి చూసి నా వైపు చూసింది. పెళ్లయిన కొత్తలో అలా చూసేది. మళ్లీ ఇన్నాళ్లకి.

"మరి!" అన్నాను.

ఆ ఒక్క మాటే. దానితోనే అంతా జరిగింది.

*

ఐదో వారం నుంచి రోజూ వంట. రోజూ మెస్సు. అత్తయ్య నడకకి వెళ్లగానే నేను సంచీ పట్టుకుని బయల్దేరేవాణ్ని. పార్కు ఒక వైపు, మెస్సు ఒక వైపు, ఎదురుపడే భయం లేదు. తిరిగొచ్చి గిన్నెల్లోకి సర్ది, సన్నటి మంట మీద పెట్టి, ఫ్యాను వేసి, కత్తిపీట తడిపి సింకులో పడేసేవాణ్ని. రోజూ రెండు ఉల్లిపాయలు తొక్క తీసి, తొక్కలు ఇంట్లో చెత్తబుట్టలో పైకి కనపడేలా వేసేవాణ్ని. ఉల్లిపాయలు మర్నాడు డ్యూటీకి తీసుకెళ్లి దారిలో పారేసేవాణ్ని. ఇంత శ్రమ పడేవాణ్ని కూర వండుకోలేకపోయానా అని ఇప్పుడు మీరు అడగొచ్చు. నేనూ అడుక్కున్నాను.

అసలు కారణం శ్రమ కాదు, పేరు. డిపోలో మా ఆవిడ నా గురించి చెప్పుకుంటోందని తెలిసింది. మా ఆఫీసులోనూ తెలిసిపోయింది. సూపర్‌వైజరు తన భార్యకి చెప్పడానికి, బీన్స్ ఎలా ఉడకబెట్టాలో నన్నడిగి రాసుకున్నాడు. నేను గొంతు సవరించుకుని చెప్పాను కూడా. గాల్లో తేలుతున్నట్టుండేది.

అత్తయ్య గిన్నె సంగతి మరిచిపోయానని చెప్పను. మెస్సావిడని మొదటి వారంలోనే అడిగాను.

"ఒక గిన్నెడు ఉప్పు లేకుండా తీస్తారా?"

ఆవిడ గరిటె ఆపి నన్ను ఎగాదిగా చూసింది. "అన్నీ ఒకే గిన్నెలో పొద్దున్నే పడిపోతాయి బాబూ. నీ ఒక్కడి కోసం విడిగా పొయ్యి ఎక్కడ పెట్టను? ఉప్పు పడనివాళ్లుంటే ఇంట్లో వండి పెట్టుకోవాలి గానీ నా దగ్గరికెందుకు?"

చెంప పగలగొట్టినట్టే. అయినా మర్నాడు మళ్లీ వెళ్లాను. పాకెట్ల కంటే ఇది నయం కదా, కూరగాయలేగా, తాజాగానేగా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. అదే కూర అత్తయ్య పసుపు మూత గిన్నెలోకి తీసి పెట్టాను.

ఒక సాయంత్రం భోజనాలయ్యాక నేను గిన్నెలు కడుగుతుంటే అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడింది. ఏదో చెప్పాలనీ, చెబితే నేను నొచ్చుకుంటాననీ అర్థమవుతూనే ఉంది.

"బాబూ, ఏమీ అనుకోకు. ఇవాళ నా గిన్నెలో పొరపాటున ఏమైనా ఉప్పు పడిందా?"

"లేదే అత్తయ్యా."

"నాకు ఉప్పగా అనిపించింది. నిన్న కూడా."

తేలు కుట్టిన దొంగలా ఉంది నా పని. నీళ్లు కట్టేసి చేతులు తుడుచుకున్నాను. వెనక్కి తిరిగేలోపు అబద్ధం తయారైపోయింది.

"మాత్రల వల్ల అలా అవుతుందట అత్తయ్యా. నోటి రుచి మారిపోతుందట. మా ఆఫీసులో ఒకాయనకీ అంతే."

"అవునా!" అంది. "అయితే నా నోరే అన్నమాట."

"మీ నోరే."

"పోనీలే. నీ వంటకి వంక పెట్టినట్టయింది," అని నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆవిడ ఎప్పుడూ ఉప్పు మాట ఎత్తలేదు. గిన్నె ఖాళీ చేసి, నీళ్లు మాత్రం ఎక్కువ తాగేది.

*

రెండు నెలలయ్యాక డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. అత్తయ్య రోజూ పొద్దున్నే ఇంట్లో మిషన్‌తో చూసుకున్న బీపీ అంకెలు చీటీ మీద రాసుకుని తెచ్చింది. డాక్టరు వాటిని చూశాడు, తనూ బీపీ చూశాడు. తగ్గలేదు సరికదా, కాస్త పెరిగింది.

"ఉప్పు మానలేదా అమ్మా?"

"అయ్యో, పూర్తిగా మానేశానండీ. మా అల్లుడు స్వయంగా వండుతాడు. నా గిన్నె ముందే తీసేసి పక్కన పెడతాడు. కొడుకున్నా అలా చూడడు."

డాక్టరు నా వైపు తిరిగాడు. "నిజమేనా? ఒక్కోసారి పెద్దవాళ్లు మనకి చెప్పకుండా ఏదో ఒకటి తింటుంటారు."

అత్తయ్య నా వైపు చూస్తోంది, ఇక సాక్ష్యం వచ్చేసిందన్న ధీమాతో.

"అవునండీ, ఉప్పు లేదు," అన్నాను.

"తిండి ఇంత జాగ్రత్తగా ఉన్నా దిగట్లేదంటే మందు చాలట్లేదన్నమాట," అని ఆయన పాత మాత్రని రెట్టింపు చేశాడు. ఒంట్లో నీరు లాగేసే మాత్ర ఇంకొకటి కలిపాడు.

బయట బెంచీ మీద అత్తయ్యని కూర్చోబెట్టి మందుల షాపు ముందు నిలబడ్డాను. వెనక్కి వెళ్లి తలుపు తోసి, "అబద్ధం చెప్పాను డాక్టరుగారూ" అంటే చాలు. పది అడుగులు కూడా లేవు. ముఖం చెల్లలేదు. షాపులో అతను మాత్రలు ఇస్తూ, "నీరు తీసే మాత్ర పొద్దున వేసుకోమనండి," అన్నాడు. తలూపాను.

ఇంటికొచ్చే దారిలో నిర్ణయించుకున్నాను. ఇక మెస్సు లేదు. నేనే వండుతాను, ఉప్పు చిటికెడైనా లేకుండా. బీపీ దానంతటదే దిగుతుంది. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఎవరికీ తెలియకుండా మంచివాణ్నయిపోదామనుకున్నాను. నా బతుకులో ఇంతకంటే సిగ్గుమాలిన ఆలోచన ఇంకొకటి లేదు. ఆ రోజు మాత్రం అది గొప్ప పశ్చాత్తాపంలాగే కనిపించింది.

మర్నాటి నుంచి వండాను. కాయగూరలు ఉడకబెట్టాను, చేప ముక్కలు ఆవిరి మీద పెట్టాను, నిమ్మకాయ పిండాను. అత్తయ్య గిన్నె నిజంగా ముందే తీసి, నిజంగా పక్కన పెట్టాను. మా అమ్మాయి మూడో రోజుకి పళ్లెం పక్కకి నెట్టింది.

"ఏమైంది నాన్నా నీ చేతికి? ఇంతకుముందు ఎంత బాగా చేసేవాడివి!"

"నూనె తగ్గించాను. మంచిది."

"మంచిదే. కానీ బాలేదు. కోర్టు వాయిదా."

అత్తయ్య మాత్రం, "నా నోరు బాగుపడినట్టుంది బాబూ. ఇప్పుడు చప్పగానే తెలుస్తోంది," అంది. సంతోషంగా అంది.

ఆ వారంలో ఒకటి రెండుసార్లు ఆవిడ కుర్చీలోంచి లేస్తూ బల్ల అంచు పట్టుకోవడం చూశాను. అడిగితే ఎండలు కదా అంది. నిజమే, ఎండలే అనుకున్నాను. చీటీ మీద అంకెలు తగ్గుతున్నాయి. రోజూ ఆ అంకెలు చూసి నన్ను నేను మెచ్చుకున్నాను.

*

తొమ్మిదో రోజు శనివారం. పొద్దున పదకొండు గంటలకి మా అమ్మాయి డ్యూటీలో ఉన్న నాకు ఫోను చేసింది. దానికి మాట సరిగా రాలేదు. అమ్మమ్మ పేపరు చదువుతూ లేచి నిలబడిందట, నిలబడ్డది నిలబడ్డట్టే పడిపోయిందట, పడేటప్పుడు బల్ల అంచు నుదుటికి తగిలిందట.

"రెండు నిమిషాల్లో వచ్చేస్తున్నా," అన్నాను. నలభై నిమిషాలు పట్టింది.

ఆసుపత్రిలో నుదుటికి ఆరు కుట్లు వేశారు. కుడి మణికట్టు విరిగింది, కట్టు కట్టారు. డిపో నుంచి మా ఆవిడ మెడలో ఐడీ కార్డుతోనే పరుగెత్తుకొచ్చింది. డ్యూటీ డాక్టరు చిన్న వయసు అమ్మాయి, నిలబడి గబగబా రాసుకుంటోంది.

"బీపీ బాగా పడిపోయింది. లేపి కూర్చోబెడితే ఇంకా పడుతోంది. మందులు ఎప్పుడు పెంచారు?"

"పది రోజులైందండీ," అంది మా ఆవిడ.

"మందు పెంచినా ఇంతలా పడకూడదే. ఈ మధ్య తిండిలో ఏమైనా మార్పు చేశారా? ఉప్పు అకస్మాత్తుగా మానేయడం లాంటిది?"

"ఏ మార్పూ లేదండీ. రెండు నెలల పైనుంచీ ఒకటే పద్ధతి. ఉప్పు లేకుండా మా ఆయనే వండుతారు."

డాక్టరమ్మ కలం ఆపింది. "అలాగైతే కారణం ఇంకెక్కడో ఉంది. గుండె సంగతి చూడాలి. లోపల ఎక్కడైనా రక్తం పోతోందేమో చూడాలి. ఈ వయసులో ఆలస్యం మంచిది కాదు. పై అంతస్తు ఐసీయూలోకి మారుస్తాం. కడుపులోకి గొట్టం వేసి చూసే పరీక్ష కూడా రాస్తున్నాను."

మా ఆవిడ గోడకి ఆనుకుంది. మా అమ్మాయి ఏడుస్తోంది. మంచం మీద అత్తయ్య కళ్లు మూసుకుని ఉంది. నుదుటి మీద కట్టు కింద ముఖం చిన్నదైపోయింది.

"తొమ్మిది రోజులేనండీ," అన్నాను.

డాక్టరమ్మ తలెత్తింది. "ఏంటి?"

"ఉప్పు మానేసి. తొమ్మిది రోజులే. అంతకుముందు బయటి కూరే. ఉప్పు ఉంది. బాగానే ఉంది."

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. రాసినదాంట్లో రెండు వరసలు కొట్టేసింది. "మందు పెంచాక ఒక్కసారిగా ఉప్పు పోయింది, అందుకే పడింది. గుండె పరీక్ష ఒకటి చేద్దాం, మిగతావి ఆపుదాం. సెలైన్ పెడతాను. నీరు తీసే మాత్ర ఇవాళ్టి నుంచీ వద్దు," అని వెళ్లిపోయింది.

మా ఆవిడ అక్కడే గోడకి ఆనుకుని ఉంది. "బయటి కూరేంటి?" అంది.

చెప్పాను. మలుపులో మెస్సు, పార్కు నడక, గిన్నెల్లోకి వంచడం, అన్నీ చెప్పాను. ఆవిడ మధ్యలో అడ్డు రాలేదు. అంతా విన్నాక ఒక్కటే అడిగింది.

"మరి ఆ ఉల్లిపాయ తొక్కలు?"

"ఇంట్లో ఉల్లిపాయలవే. తొక్క తీసి బుట్టలో వేసేవాణ్ని. ఉల్లిపాయలు డ్యూటీకెళ్తూ పారేసేవాణ్ని."

ఆవిడ ముఖం అప్పుడు మారింది. అంతవరకూ కోపం ఉంది, భయం ఉంది. ఆ తొక్కల మాట విన్నాక నన్ను ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూసింది. "పదేపదే డిపోలో చెప్పుకున్నానండీ మీ గురించి," అంది. తర్వాత, "అమ్మకి మీరే చెప్పండి. నేను చెప్పను," అని అమ్మాయి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్లిపోయింది.

అత్తయ్య మధ్యాహ్నానికి తేరుకుంది. సెలైన్ సీసా సగం దిగింది. కుర్చీ మంచం దగ్గరికి లాక్కున్నాను. నేనేదో ధైర్యం చెబుతాననుకుని ఆవిడ నవ్వబోయింది.

చెప్పాను. ఫోనులో అవతలివాళ్ల మాట పూర్తయ్యేదాకా ఆగే ఆపరేటరులాగే ఆగి వింది.

"అయితే అప్పట్లో ఉప్పగానే ఉందన్నమాట," అంది చివరికి.

"ఉందత్తయ్యా."

"నా నోరు కాదన్నమాట."

"కాదు."

ఆవిడ పైకప్పు వైపు చూస్తూ మెల్లగా చెప్పింది. "మధ్యాహ్నాలు ఎవరూ లేనప్పుడు నాలుక మీద కాస్త ఉప్పు వేసుకుని చూసేదాన్ని. కాస్త పంచదార. కళ్లు మూసుకుని. అన్నీ సరిగ్గానే తెలిసేవి. సాయంత్రం నీ కూర మళ్లీ ఉప్పగా ఉండేది. నోరు బాగానే ఉంది కదా, మరి ఇదేమిటి అని… మా అమ్మకి పోయేముందు మతి తప్పింది. లేనివి ఉన్నాయనేది. నాకూ అదే మొదలైందనుకున్నాను. నా కూతురు భయపడుతుందని చెప్పలేదు."

కట్టు కట్టిన ఆవిడ చెయ్యి కింద దుప్పటి సర్దాను.

"నువ్వు అబద్ధం చెబుతున్నావేమోనని ఒక్కసారైనా తోచి ఉంటే బాగుండేది," అంది. "తోచలేదు బాబూ."

ఆవిడ గొంతులో కోపం ఉంటే పట్టుకుని ఏడ్చేవాణ్ని. లేదు. తనదే ఏదో పొరపాటన్నట్టు చెప్పింది. సిగ్గుతో చచ్చిపోవడమంటే మాటవరసకి అనే మాట అనుకునేవాణ్ని అప్పటిదాకా.

*

వానలు పడే వేళకి మా ఆవిడ టైమ్‌టేబుల్లో రాసినదంతా జరిగింది. పాకెట్లు పోయాయి, పార్సిళ్లు పోయాయి. నేను వండుతాను, అమ్మాయి తరుగుతుంది, సెలవు రోజున మా ఆవిడ వండుతుంది. నా పొట్ట తగ్గింది. పాత డాక్టరుకీ నేనే వెళ్లి చెప్పుకున్నాను. ఆయన ఒక్క మాత్రే ఉంచాడు. అత్తయ్య మణికట్టు అతుక్కుంది, బీపీ అదుపులో ఉంది. మా ఇంటికొచ్చినవాళ్లు మమ్మల్ని చూసి నేర్చుకోవాలంటారు. మా ఆవిడ ఆ మాటకి లేచి లోపలికి వెళ్లిపోతుంది. నాతో మాట్లాడుతుంది. అవసరమైనవన్నీ మాట్లాడుతుంది.

అత్తయ్య నన్ను ఒక్క మాట అనలేదు. బాబూ అనే పిలుస్తుంది. కానీ బల్ల ముందు కూర్చోగానే పసుపు మూత తీసి, ఒక స్పూను కూర మనవరాలి నోటికి అందిస్తుంది. అది రుచి చూసి, "లేదమ్మమ్మా," అంటుంది. ఈ ఒక్క తీర్పులో వెటకారం ఉండదు. అప్పుడు అత్తయ్య తినడం మొదలుపెడుతుంది.

మొన్నొక సాయంత్రం మా ఆవిడకి డిపోలో పని పడింది. అమ్మాయికి ప్రాక్టీసు ఆలస్యమైంది. అత్తయ్య మాత్ర వేసుకోవాలి, దానికి ముందు తినాలి. గిన్నె తెచ్చి ముందు పెట్టాను. మూత తీసింది. ఆవిరి వస్తోంది. స్పూను చేతిలోకి తీసుకుని మళ్లీ పక్కన పెట్టేసింది.

"తినండత్తయ్యా. ఉప్పు వేయలేదు."

"తింటాను బాబూ. పిల్ల కూడా రానీ."

"ఆలస్యమవుతుందేమో. నన్ను నమ్మలేరా అత్తయ్యా?"

"నిన్ను నమ్మకపోవడం కాదు," అంది నొచ్చుకుంటూ. "తిన్నాక చప్పగా అనిపిస్తే సరే. ఉప్పగా అనిపించిందనుకో. తేడా కూరదో, నాదో తేల్చుకోవడం నా వల్ల కాదు. పిల్ల వచ్చేదాకా ఉంటాలే, ఆకలేం లేదు."

నేను ఒక స్పూను తీసుకుని ఆ గిన్నెలోంచి తిని చూపించాను. ఆవిడ మర్యాదగా చూసింది. తలూపింది కూడా. స్పూను మాత్రం ముట్టుకోలేదు.

ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆవిరి తగ్గింది. కూర మీద సన్నటి పొర కట్టింది. కింద లిఫ్టు తలుపు చప్పుడైనప్పుడల్లా ఇద్దరం గుమ్మం వైపు చూశాం. రెండుసార్లు వేరే అంతస్తులో ఆగింది.